ఈరయ్య గుర్రానికి తెల్ల బూట్లు

రాయచెర్లు ఊరి ఈరయ్యకు ఈ లోకంలో పట్టింపు ఒక్కటే: కాళ్ళకు తొడుగులు లేకుండా తన గుర్రం గడప దాటరాదు. తాను చెప్పుల్లేకుండా తిరిగేవాడు. అంగీకి గుండీలు ఊడినా పట్టించుకునేవాడు కాదు. గౌరి అనే ఆ ముసలి ఆడగుర్రానికి మాత్రం మోకాళ్ళ కింది నుంచి గిట్టల దాకా తెల్లటి తొడుగులు. లోపల కంబళి, పైన మందపు గుడ్డ, వెనక నాడాలు. వాటిని దినమూ ఉతికి, నీలిమందు పెట్టి, గోడ మీద ఆరవేసేవాడు. పెండ్లి ఊరేగింపుకు గుర్రం కావాలని వచ్చినవాళ్ళు, అవి తడిగా ఉన్నాయంటే, ముహూర్తం మించిపోతున్నా అరుగు మీద కూర్చోవలసిందే.

ఆ తొడుగుల వల్ల ఎవరికేం మేలు జరిగిందో ఊరికి తెలియదు గానీ, భయం మాత్రం అందరికీ తెలుసు. సాయంత్రం వేళ ఊరి పక్క సోలార్ పార్కులో పలకలన్నీ ఒక్కసారిగా పడమటికి ఒరిగి నిలుస్తాయి. ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఒకే ఎడం. నడిచేవాడికి తాను ముందుకు పోతున్నాడో, నిలిచినచోటే నిలిచి ఉన్నాడో తెలియదు. ఎక్కడినుంచో సన్నటి హోరు. ఆ వేళ వరుసల మీదుగా ఒక తలపాగా తేలుతూ పోయేది. పలకల కింది సందులో నాలుగు తెల్లటి కాళ్ళు నడిచేవి. నడుమ గుర్రం కనబడేది కాదు. భయానికి పూర్తి రూపం అక్కరలేదు, సగం చాలు. పలకలు కడిగే నేత్రావతి మొదటిసారి చూసినప్పుడు చేతిలోని నీళ్ళ పైపు వదిలేసి పరుగెత్తింది. అది పాములా లేచి ఆమెనే తడిపింది. ఆ వచ్చేది ఈరయ్యేనని తెలిసిన తర్వాత కూడా, ఆ కాళ్ళు కనబడితే తాళి కళ్ళకద్దుకునేది.

ఆ తొడుగులను అందరికంటే ఎక్కువగా ఎగతాళి చేసినవాడు గొర్రెల బోరన్న. పార్కుకు ఇచ్చిన పొలాల్లోనే, పలకల సందుల్లో మొలిచే గడ్డికి, వయసు మళ్ళినా మందను తానే తోలుకుపోయేవాడు. కొడుకు తోడు వస్తానంటే కర్ర ఎత్తేవాడు. తాను దున్నిన నేలలో తనకు దారి చూపేవాడు ఇంకా పుట్టలేదనేవాడు.

"ఏమప్పా ఈరప్పా, గుర్రానికి బూట్లయితే ఏసినావు. ఇస్కూలుకి ఎప్పుడు పంపుతావు?"

"నువ్వు సీటు ఇప్పియ్యి మామా, రేపే పంపుతా."

వై.ఎన్.హొసకోట నుంచి వచ్చే పశువైద్యురాలు శిల్పశ్రీకి ఎగతాళి అలవాటు లేదు. మెచ్చుకోలు అంతకన్నా లేదు. గౌరి కుంటుతోందని కబురు అందుకుని, ఒకనాటి సాయంత్రం వచ్చి తొడుగు విప్పింది. ఇసుక చేరి, చర్మం ఒరుసుకుపోయి, పుండు పచ్చిగా ఉంది. రాయి తగలకుండా తొడుగు కాపాడుతుందని ఆమెకు తెలుసు. ఆ తొడుగే వేడినీ ఇసుకనూ లోపల బంధించి కాలును తినగలదనీ తెలుసు.

"పుండు మానేదాకా బూట్లూ వద్దు, నడకా వద్దు. మాట ఇనకుంటే కాలే పోతాది."

ఈరయ్య ముఖం వాడిపోయింది. ఈ ఒక్క పొద్దుకు కడతానని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. అతడు పడమటి వైపు చూశాడు. పొద్దు వాలుతోంది. ఇక దాచి లాభం లేదనుకుని గొంతు తగ్గించాడు.

"బూట్లు గుర్రానికి కాదమ్మా. బోరన్న మామకి కండ్లు మసకబారినాయి. ఆ సందులన్నీ ఒకే తీరు. పోయిన ఎండాకాలం దారి తప్పి, తిరిగి తిరిగి ఆడనే పడిపోయినాడు. చెయ్యి పట్టుకుంటే సిగ్గుతో సస్తాడు. తెల్లగా ఉండేది ఒక్కటే అగుపడతాది ఆయనకి. ముందర గౌరి పోతాది. నన్ను తిట్టుకుంటా ఎనక ఆయన వస్తాడు."

"ఆయనకి తెలుసునా?"

"తెలిస్తే రాడు."

శిల్పశ్రీ పుండుకు మందు రాసింది. ఈరయ్య పంచె ఎగగట్టి, రెండు తొడుగులు తన పిక్కలకే చుట్టుకుని నాడాలు బిగించాడు. ఆమె కాసేపు పరీక్షగా చూసింది.

"రెండు కాళ్ళ గుర్రం యాడన్నా ఉంటాదా?" అని, మిగిలిన రెంటి కోసం చెయ్యి చాచింది.

పార్కులో వెలుతురు బూడిద రంగుకు తిరిగింది. ఇద్దరూ నడుములు వంచి, ఈరయ్య ముందు, శిల్పశ్రీ వెనక, పలకల చాటున నడిచారు. అడుగడుక్కీ వాళ్ళ నీడలు నల్లటి అద్దాల్లో లేచి, తలల్లేకుండా పక్కనే వచ్చాయి. అవతలి సందులో గొర్రెల గంటలు దగ్గరయ్యాయి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. హోరు తప్ప మరో చప్పుడు లేదు. ఏదో తన కాళ్ళ వైపే చూస్తోందని శిల్పశ్రీకి వీపు చెప్పింది. ఈ శాస్త్రం ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు.

"ఈరప్పా," అంది చీకట్లోంచి బోరన్న గొంతు. "ఈ పొద్దు నీ గుర్రం ముందర కాళ్ళు ఒక దోవ, ఎనక కాళ్ళు ఒక దోవ పోతాండాయే. కల్లు తాపినావా?"

"ముసిలిదైపాయ మామా."

శిల్పశ్రీ అడుగు కలిపింది. గంటలు మళ్ళీ కదిలాయి. గేటు దీపం కనబడేదాకా బోరన్న తిట్టుకుంటూనే వచ్చాడు. అక్కడ మందను మళ్ళించుకుంటూ, పోతూ పోతూ ఒక మాట అన్నాడు.

"ఎనక కాళ్ళు సరిగా లేవు. రేపు ఆ డాక్టరమ్మకి సూపిచ్చు. మొగం మాడ్చుకోని ఉంటాది గానీ, మంచి పిల్ల."

వెనక కాళ్ళు రెండూ ఒక్క అడుగు తడబడ్డాయి.