బకెట్టెడు పాచి రాళ్ళు

మా పుట్టిల్లు ఫిషింగ్ హార్బరు పక్కనే. చేప కంటపడితే రేటెంత, ఐసు సరిపోతుందా అని చూసేవాళ్ళమే గానీ, దాన్ని బతికించాలన్న ఆలోచన మా ఇంటావంటా లేదు. అలాంటి నాకు చేపల్ని పెంచుకునే మొగుడు దొరికాడు. సబ్బవరంలో ఇల్లు కట్టుకోగానే పెరట్లో సిమెంటు తొట్టె కట్టించి, అడుగున గులకరాళ్ళు పోసి, పన్నెండు బంగారు చేపల్ని వదిలారాయన.

ఆ తొట్టె ఎప్పుడు చూసినా పాచిపట్టే ఉండేది. ఇల్లు అద్దంలా ఉంచుకునే నాకు, వెనక్కి వెళ్తే ఆ పచ్చ నీళ్ళు. కడగమంటే, "ఉండనీవే, నీకేటి అడ్డం?" అనేవారు. వారానికోసారి నాలుగు బకెట్లు తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు నాలుగు బకెట్లు పోసేవారు, అంతే. బద్ధకమనుకున్నాను.

పోయినేడు ఆయన పోయారు. గుండెల్లో మంటంటే గ్యాసనుకున్నాం ఇద్దరమూ. పెద్దకార్యం నాడు తగరపువలస నుంచి వచ్చిన మా వదిన, ఆయన అక్క, అందరి ముందూ అనేసింది: "ఇల్లు కడుక్కోడమే గానీ మా తమ్ముడి మొకం సూసినావా ఎప్పుడైనా?" ఆ మాటతో మా మధ్య రాకపోకలు తెగిపోయాయి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, తొట్టెలో అవీ. మేత వేయబోతే పైకొచ్చేవి. రోజు మొత్తమ్మీద నా కోసం ఎదురుచూసేవి అవే.

సంవత్సరీకానికి ఇల్లు కడుగుతూ తొట్టెనీ వదల్లేదు. చేపల్ని టబ్బులోకి తీసి, నీళ్ళన్నీ తోడేసి, రాయి రాయీ బ్రష్షుతో తోమి ఎండబెట్టి, కొత్త నీళ్ళు నింపాను. అడుగున రాళ్ళు మెరుస్తుంటే, ఇప్పుడు చూస్తే ఆయనా ఒప్పుకునేవారని మురిసిపోయాను. నాలుగో రోజు ఒకటి తేలింది. వారం తిరిగేసరికి నాలుగే మిగిలాయి.

సీసాలో నీళ్ళు పట్టుకుని సిటీలో చేపల షాపుకి పరిగెత్తాను. అక్కడి పెద్దాయన చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి ఊపాడు. పసుపుగా ఉండాల్సినవి ముదురు ఆకుపచ్చకి తిరిగాయి.

"అమ్మోనియా. వాటి మురికే వాటిని సంపేత్తంది. రాళ్ళ మీద పాచి ఏటి సేసినారమ్మా?"

తోమేశానన్నాను.

"ఆ జిగటలోనే ఉంటాయి, నీళ్ళు బాగుసేసే కంటికి కనపడని పురుగులు. పాత తొట్టె రాళ్ళు ఎక్కడైనా దొరికితే తడారకుండా తెచ్చి ఎయ్యండి. అప్పటిదాకా మేతాపి, రోజూ కొంచెం నీళ్ళు మార్చండి."

నీళ్ళు పరీక్షించే ఆ మందూ గొట్టమూ కొనుక్కుని బస్టాపులో కూర్చున్నాను. ఆయన ఆరేళ్ళుగా కాపాడుకొచ్చిందాన్ని ఒక్క పూటలో గోకి పారేశాను. పక్కన జనం ఉన్నా ఏడుపాగలేదు.

ఆ రాళ్ళు ఇంకెక్కడున్నాయో నాకు తెలుసు. మా తొట్టె కుదిరాక ఆయన వాళ్ళక్కకి కూడా రెండు చేపలూ, గుప్పెళ్ళతో మా రాళ్ళూ ఇచ్చి గోళెంలో వేయించారు. ఏ మొహం పెట్టుకుని అడగను? మర్నాడు ఇంకో చేప పక్కకి ఒరిగి ఈదుతుంటే తగరపువలస బస్సెక్కాను.

వదిన గుమ్మంలో నిలబడి, "ఏటిలాగొచ్చినావ్?" అంది. చెప్పాను. శుభ్రంగా కడిగేశానని కూడా చెప్పాను. ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఆవిడ చీర ఎగ్గట్టి, గోళెంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, పాచి రాళ్ళు బకెట్లోకి ఎత్తి, ఆ నీళ్ళే పోసి ఇచ్చింది. అన్నం తినెళ్ళమంది. చేపలు ఆగవని చెప్పి వచ్చేశాను.

కొన్ని వారాలకి గొట్టంలో నీళ్ళు పసుపు రంగుకి దిగాయి. మూడు చేపలు నిలబడ్డాయి. ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"బతికినాయా?"

"మూడున్నాయి వదినా."

"మరి నువ్వెలాగున్నావ్?"

బాగానే ఉన్నానని అనబోయాను. ఏడాదిగా అందరికీ అదే చెబుతున్నాను.

"బాగోలేను వదినా," అన్నాను.