అవునండీ అన్నందుకు బతికిపోయాను

ముందు ఒక విషయం తేలాలి. ఈ సంగతి నేను ఇదివరకే నలుగురికి చెప్పబోయాను. ఒక్కరూ సరిగా వినలేదు. మా బావమరిది సగంలో ఫోను వచ్చిందని లేచి బయటికి పోయాడు. ఆ ఫోను మోగలేదు, నేను చూశాను. మంగలి షాపులో మొదలుపెడితే, మాట్లాడితే మీసం పోతుందని చెప్పి నా నోరు మూయించారు. గాజులకు వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం కళ్ళార్పకుండా విన్నది. ఆఖరికి, "గింతసేపు విన్న గద బిడ్డా, ఓ ఇరవై తగ్గియ్యి" అన్నది. వీళ్ళందరి పేర్లూ నా నోటుబుక్కులో ఉన్నాయి. మీరు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. రెండు లక్షల చిల్లర రూపాయలను, పట్టపగలు, నా సొంత దుకాణంలో, సొంత కుర్చీలో కూర్చుని, "అండీ" అని మర్యాద చేస్తూ దొంగ చేతిలో పెట్టబోయిన మనిషిని నేనే.

నా పేరు మల్లేశం. సిద్దిపేటలో నాకు కంగన్ హాలు ఉంది. గాజులు, బొట్టుబిళ్ళలు, జడ క్లిప్పులు. గల్లాపెట్టె దగ్గర నేను, గాజులు తొడిగేది మా ఆవిడ స్వరూప. పక్క దుకాణం యాదగిరిది, చెప్పులమ్ముతాడు. అతని నోటికి, అతను అమ్మే చెప్పులకు ఒకటే తేడా. చెప్పులు కొన్నాళ్ళకు అరుగుతాయి.

ఆరు నెలల కిందట మేమూ అందరిలాగే డబ్బులు పడగానే పైకి అరిచి చెప్పే డబ్బా ఒకటి పెట్టించుకున్నాం. బ్యాంకువాళ్ళే ఇచ్చారు, నెలకింత అని కిరాయి. మొదటిరోజు మొదటి బేరం ఒక కాలేజీ పిల్లది. హెయిర్‌పిన్నులు కొని ఫోనుతో డబ్బు కొట్టింది. డబ్బా పెళ్ళి ఊరేగింపులో మైకులాగా, "పది రూపాయలు అందాయి!" అని అరిచింది.

పక్కనుంచి యాదగిరి తల బయటపెట్టాడు. "ఏం మల్లేశమన్నా, పొద్దటి సంది పది రూపాయలేనా?"

చెప్పులు చూస్తున్న వాళ్ళంతా నవ్వారు. ఎంతమంది నవ్వారో, ఎవరు పళ్ళు కనబడేలా నవ్వారో నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ మరునాటి నుంచి డబ్బాకు నోరు పడిపోయింది. లైటు వెలుగుతుంది, డబ్బులు పడతాయి, మాట మాత్రం లేదు. కిరాయి మాత్రం నెల తిరగ్గానే కోసుకునేవారు. మూగదానికి కిరాయి ఏమిటని నేను ఫిర్యాదు చేశాను. రెండు రోజులకు సందేశం వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" దుకాణానికి మనిషి రాలేదు, నాకు ఫోను రాలేదు, డబ్బా నోరు విప్పలేదు. పరిష్కారం ఎక్కడ జరిగిందో, ఎవరి సమక్షంలో జరిగిందో నాకు తెలియదు. మళ్ళీ ఫిర్యాదు చేశాను. మళ్ళీ పరిష్కరించారు. ఐదు నెలల్లో తొమ్మిదిసార్లు నా బాధ నాకు తెలియకుండా తీరిపోయింది.

తొమ్మిదోసారి తీరినప్పుడు నాకు ఒళ్ళు మండింది. బ్యాంకువాళ్ళు తమ గొప్పలు చెప్పుకునే పేజీ ఒకటి ఫోనులో ఉంటుంది కదా, దాని కింద ఒక పెద్ద వ్యాసం రాశాను. నా పేరు, దుకాణం పేరు, ఫోను నంబరు, ఖాతా ఏ శాఖలో ఉందో, డబ్బా ఎన్నాళ్ళుగా మూగదో, అన్నీ వివరంగా పెట్టాను. చదివి వినిపిస్తే స్వరూప అడిగింది: "తాళంచెయ్యి ఏడ పెడ్తమో గది రాయలేదా మల్ల?"

"ఎటకారం ఆపు. గట్ల ఇజ్జత్ తీస్తెనే కదులుతరు" అన్నాను.

నిజంగానే కదిలారు. కదిలింది ఎవరన్నదే గొడవ.

మరునాడు పొద్దున మాకు హడావిడి. కొమురవెల్లి జాతర దగ్గర పడింది. గుడికి పోయే దారిలో గాజుల దుకాణం పెట్టుకోవడానికి మంచి జాగ ఒకటి దొరికింది. సాయంత్రంలోపు డబ్బు కట్టకపోతే హుస్నాబాద్ పార్టీకి ఇచ్చేస్తామన్నారు. మూడు జాతరలుగా మేం చెట్ల వెనకాల, ఎవరికీ కనబడని మూలలో గాజులమ్మి, సగం సరుకు తిరిగి మోసుకొచ్చుకున్నవాళ్ళం. ఈసారి జాగ కోసం, సరుకు కోసం స్వరూప ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ము మా ఇద్దరి పేరు మీదున్న ఖాతాలో ఉంది. అది పోతే జాతర లేదు. జాతర లేకపోతే ఆ ఏడు మాకు ఏమీ లేదు.

అలాంటి రోజున బుద్ధిమంతుడు ఏం చేస్తాడు? పోయి డబ్బు కట్టి వస్తాడు. నేను పదోసారి ఫిర్యాదు చేయడానికి కూర్చున్నాను.

స్వరూప ఫోనుతో బ్యాంకు నంబరుకు కొట్టాను. ఈమధ్య మనుషులు తీయడం లేదు, యంత్రం మాట్లాడుతుంది. ఖాతా నంబరు చివరి అంకెలు అడిగింది, నొక్కాను. "మీకు ఏ సేవ కావాలో నోటితో చెప్పండి. ఫిర్యాదు చేయడానికి 'ఫిర్యాదు' అనండి. మోసం జరుగుతోందని అనుమానం ఉంటే, ఖాతాను వెంటనే ఆపడానికి 'బంద్' అనండి."

"కంప్లేంటు" అన్నాను.

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు."

"ఫిర్యాదు!"

"మీరు ఫిర్యాదు చేయాలనుకుంటున్నారు. అవును లేదా కాదు అని చెప్పండి."

"ఔ."

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు."

"ఔ మల్ల! ఔ అంటున్న గద!"

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు. మీకు ఏ సేవ కావాలో నోటితో చెప్పండి..."

మా ముత్తాత నాటి నుంచి ఈ చుట్టుపక్కల ఔ అంటే ఔనే. పెళ్ళిళ్ళు ఆ మాట మీద కుదిరాయి, పొలాలు ఆ మాట మీద చేతులు మారాయి. ఈ యంత్రానికి మాత్రం అది మాట కాదు. ఫోను నేను మాత్రం పెట్టేయదలచుకోలేదు. విసుగొస్తే అదే పెట్టేయాలి. మాట పైకి వినబడేలా పెట్టి బల్ల మీద వదిలేశాను. అది కాసేపు వాయిద్యం వాయించి, కాసేపు సేవ అడిగి, మళ్ళీ వాయిద్యం వాయిస్తోంది.

అప్పుడు నా ఫోను మోగింది.

"నమస్కారం సార్. మల్లేశం గారేనా? నేను బ్యాంకు ఫిర్యాదుల విభాగం నుంచి రమేశ్‌ని మాట్లాడుతున్నాను. ఐదు నెలలుగా మీకు చాలా అన్యాయం జరిగింది సార్. మా అందరి తరఫున క్షమాపణలు."

పాఠకులారా, మీకెప్పుడైనా ఎవరైనా క్షమాపణ చెప్పారా? నాకు అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి. అంత మంచి తెలుగు మాట్లాడేవాడితో మన మాట బాగుండదని, నేనూ గొంతు సవరించుకుని వార్తలు చదివేవాడిలా మొదలుపెట్టాను. "ఎంత మాటండీ. మీరు ఫోను చేశారు, అదే పదివేలండీ."

"మీ డబ్బాను ఇక్కడినుంచే బాగుచేస్తాను సార్. నేను పంపిన చిన్న యాప్ ఒకటి ఎక్కించుకోండి. మీ తెర నాకు కనబడుతుంది."

"తప్పకుండానండీ." ఎక్కించాను. అనుమతులు అడిగింది, అన్నీ ఇచ్చాను. ఇంకా అడిగితే ఇంకా ఇచ్చేవాణ్ణి.

స్వరూప అవతల స్టూలు మీద కూర్చుని, ఒక పెళ్ళికూతురి చేతికి గాజులెక్కిస్తోంది. అక్కడినుంచే కేకేసింది. "ఎవరయ్యా ఫోన్ల? గంత మెత్తగ మాట్లాడుతున్నవు?"

"ఆఫీసరు! నువ్వు ఊకో!"

"సార్, ఇప్పుడు పరీక్ష కోసం రెండు రూపాయలు పంపాలి. తెర మీద పిన్ అడుగుతుంది, వేయండి" అన్నాడు రమేశ్. "మీ దగ్గర ఏదో వాయిద్యం వినబడుతోంది సార్. కొంచెం ఆపించండి, మీ మాట సరిగా వినబడటం లేదు."

నాకు సిగ్గేసింది. అంత పెద్దమనిషి దగ్గర ఈ గోలేమిటి? సరిగ్గా అప్పుడే బల్ల మీది యంత్రం వాయిద్యం ఆపి, ఏ సేవ కావాలని నూరోసారి అడుగుతోంది. నేను స్వరూప వైపు తిరిగి గొంతు చించుకున్నాను.

"గా ఫోను బంద్ చెయ్యే! బంద్!"

"నాకేమన్న నాలుగు చేతులున్నయా? పిల్ల చెయ్యి నా చేతిల ఉన్నది, గాజు సగం ఎక్కింది. ఎట్ల రావాలె?"

బల్ల మీది యంత్రం అన్నది: "మీ ఖాతాలోని లావాదేవీలన్నీ ఆపివేయమని కోరారు. అవును లేదా కాదు అని చెప్పండి."

ఇటు చెవిలో రమేశ్ అడిగాడు: "పిన్ వేస్తున్నారా సార్?"

"అవునండీ" అన్నాను, స్పష్టంగా, ప్రతి అక్షరం విడివిడిగా.

చూశారా? పొద్దటినుంచి ఔ, ఔ అని మొత్తుకుంటే చెవిన పెట్టని యంత్రం, వేరేవాడికి చెప్పిన అవునండీని ఎగిరి పట్టుకుంది. ఏదో ధన్యవాదాలు చెబుతోంది కానీ నేను వినలేదు. పిన్ వేయడంలో మునిగి ఉన్నాను.

"ఏందయ్యా" అని స్వరూప అరిచింది. "ఫోన్ల గామె ఖాతా బంద్ అయింది అంటున్నది!"

"నువ్వాగు! గీడ పని నడుస్తున్నది!"

"సార్, పోలేదు. పిన్ మళ్ళీ వేయండి."

వేశాను. పోలేదు. "మళ్ళీ సార్." మళ్ళీ. అప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఖాతా ఆపివేయబడిందని. రమేశ్‌కు కూడా కనబడ్డాయి. తరువాత వచ్చిన గొంతు వేరు.

"ఏం చేసినవ్‌రా ముసలోడా? ఖాతా బంద్ చేయించినవా? పొద్దుపొద్దున్నే పనంత ఖరాబ్ చేసినవ్ కదరా!"

మీరు నన్ను క్షమించాలి. అప్పటికి కూడా నాకు దొంగ అని తట్టలేదు. ముసలోడా అన్న మాట మాత్రం తట్టింది. నోటుబుక్కు తీశాను.

"ఏం మాటలవి? మీ పూర్తి పేరు చెప్పండి. మీ పైఆఫీసరు ఎవరు? మీ మీద కంప్లేంటు రాస్త."

అటు ఫోను పెట్టేశాడు. స్వరూప గాజు అలాగే వదిలేసి వచ్చింది. నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఎక్కించిన యాప్ చూసి, నా మొహం చూసింది.

"బ్యాంకోళ్ళు తొమ్మిది సార్లు రాయంగ ఎన్నడన్న నిన్ను సార్ అన్నరా?"

"లేదు."

"మరి గీడు సార్ అంటెనే అనుమానం రావాలె గదయ్యా!"

అప్పుడు కూలబడ్డాను. పెళ్ళికూతురే నాకు మంచినీళ్ళిచ్చింది, ఒక చేతికి అరడజను గాజులతో, రెండో చేతికి ఏమీ లేకుండా.

బ్యాంకుకు ఆటోలో ఎలా పోయామో చెప్పలేను. దారంతా స్వరూప పాసుబుక్కును రెండు చేతులా పట్టుకుని రోడ్డునే చూసింది. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది. మేనేజరు మా బిడ్డ వయసు అమ్మాయి. కంప్యూటరులో చూసింది. ఆమె చూస్తున్నంతసేపు స్వరూప కొంగు కొస నోట్లో పెట్టుకుని నమిలింది.

"కాకా, పైసలన్నీ ఉన్నయ్. రూపాయి గూడ పోలే" అన్నది ఆ అమ్మాయి. "మూడుసార్లు తీయనీకె చూసిన్రు. గంతకు ముందే మీరు బంద్ చేయించిన్రు. మస్తు తెలివి చేసిన్రు! చానామందికి గది తట్టనే తట్టది."

స్వరూప కొంగు వదిలి, గట్టిగా ఊపిరి పీల్చి, కుర్చీలో వెనక్కి వాలింది. నా గుండెల మీదినుంచి ఇసుక లారీ దిగిపోయినట్టయింది.

"ఏదో అట్ల తట్టిందమ్మా" అన్నాను వినయంగా.

స్వరూప నా కాలు తొక్కింది. చెప్పు యాదగిరి దుకాణంలోనిదే, గట్టిదే.

ఆ అమ్మాయి నా ఫోనులోంచి ఆ యాప్ తీసేయించి, పిన్ మార్పించి, పోలీసులకు చెప్పించి, ఇద్దరి సంతకాలూ తీసుకుని ఖాతా తెరిచింది. మధ్యాహ్నం మూడింటికి కొమురవెల్లి జాగకు డబ్బు కట్టేశాం. గుడి దారిలో, మలుపు మీద, నలుగురికీ కనబడే చోటు. రసీదు చేతికి రాగానే స్వరూప పొద్దటినుంచి మొదటిసారి నవ్వింది. నేనూ నవ్వబోతే ఆపేసింది.

దుకాణానికి వచ్చాక, ఇంత గొడవకు మూలమైన ఆ డబ్బాను ఆమె చేతిలోకి తీసుకుంది. గుడ్డతో దుమ్ము తుడిచింది. తిప్పి చూసింది. పక్కన రెండు చిన్న మీటలున్నాయి, గొంతు పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి. పెంచేదాన్ని నొక్కి పట్టుకుని, తన ఫోనుతో ఒక రూపాయి కొట్టింది.

"ఒక రూపాయి అందింది!" అని డబ్బా బజారంతా వినబడేలా అరిచింది.

పక్కనుంచి యాదగిరి తల బయటికొచ్చింది. "ఏం మల్లేశమన్నా, ఇయ్యాల రూపాయేనా?"

స్వరూప నన్నే చూస్తోంది. "గొంతు మొత్తం తగ్గించి ఉన్నది. ఎవరు తగ్గించిన్రయ్యా?"

అప్పుడు గుర్తొచ్చింది. పది రూపాయలని యాదగిరి నవ్విన ఆ సాయంత్రం, ఇంకెప్పుడూ నా బేరం వాడి చెవిన పడకూడదని, ఆ మీటను ఆఖరుదాకా నొక్కిన వేలు నాదే. ఎవరు నవ్వారో, ఎన్ని పళ్ళు కనబడ్డాయో అన్నీ రాసుకున్నాను. అదొక్కటి రాసుకోలేదు.

అందువల్ల, దుకాణంలోని గాజులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఫోనులో నన్ను సార్ అన్నవాడితో మాట్లాడను. క్షమాపణ చెప్పినవాడైతే వాడి నంబరు నేరుగా పోలీసులకిస్తాను. నా జన్మలో మళ్ళీ అవునండీ అనను. ఔ అనే అంటాను.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను, అక్కడితో అయిపోయిందనుకోకండి. బ్యాంకువాళ్ళను ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఐదు నెలల్లో తొమ్మిదిసార్లు రాశాను. తొమ్మిదిసార్లూ పరిష్కరించామన్నారు. "అయ్యా, పక్కనున్న మీట నొక్కి చూశావా?" అని ఒక్కరంటే ఒక్కరు ఎందుకు అడగలేదు? పదో ఫిర్యాదు ఇదే. నక్షత్రాలు తరువాత, ముందు జవాబు చెప్పండి. ఫోను మాత్రం చేయకండి, నేను ఎత్తను. మనిషిని పంపండి.