ఓపికెక్కువ

ఎంఎస్ మెకానికల్ పూర్తయిన ఏడాది, షికాగో రైల్వే స్టేషన్‌లో నా సూట్‌కేస్ జిప్‌లో చున్నీ ఇరుక్కుపోయింది. ఒక చేత్తో దాన్ని లాగుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్నాను.

"అమ్మాయిలకి ఓపికెక్కువ కదమ్మా, నీకు సాఫ్ట్‌వేర్ టెస్టింగే కరెక్ట్. ఆ గేర్ల ఫ్యాక్టరీ జాబ్ నీకెందుకు?" అంటున్నాడు ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ ఆయన. సాయంత్రం చెబుతానని పెట్టేశాను.

పక్కన కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ, "అలా లాగకమ్మా, చిరిగిపోతుంది" అని తెలుగులోనే అంటూ తన జుట్టు ముడిలోంచి పిన్ను తీసింది. పావుగంట సేపు, జిప్ పళ్ళ మధ్య నుంచి దారాలను ఒక్కొక్కటే తప్పించింది.

"ఎంత ఓపిక ఆంటీ మీకు!" అన్నాను.

"మా ప్రొఫెసర్లూ అదే అన్నారు. ఓపికుంది కాబట్టి పిల్లల డాక్టర్ అవ్వమన్నారు. ఆ ఓపికతోనే ఎముకల డాక్టర్నై, విరిగిన ఎముకలు ముప్పై ఏళ్ళు అతికించాను" అంది నవ్వుతూ.

అంతలో ఆవిడ ట్రైన్ వచ్చేసింది. పేరైనా అడగలేదు.

పదేళ్ళుగా ఆ గేర్ల ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నాను. బిగుసుకుపోయిన గేర్‌బాక్స్ మీద ఎవరైనా సుత్తి ఎత్తితే, మా మేనేజర్ ఆపి నన్ను పిలిపిస్తాడు.

"ఆవిడకి ఓపికెక్కువ" అంటాడు.

నేను ముడిలో పిన్ను సర్దుకుని, స్పానర్ అందుకుంటాను.