మామ మొగానికి పది అక్షరాలు

మా బట్టలంగడిని హోసూరు సందులోనుంచి రోడ్డు మీదికి మార్చిన ఏడాది మా అత్త ఒకే మాట చెప్పింది. "మీ మామ పటం గోడ మీద లేకుంటే నేను గడప తొక్కనప్పా."

అంగడి పెట్టింది మామ. ఆయన పోయి నాలుగేండ్లయింది. తళి నుంచి, ఉద్దనపల్లి నుంచి వచ్చే ఆడోళ్లు అత్త చీర విప్పి చూపిస్తేనే కొంటారు. నేను విప్పితే అంచు తడిమి, పక్కన పెట్టి, "అమ్మ యాడప్పా?" అంటారు. అత్త రాకుంటే కొత్త అంగట్లో మిగిలేది నేనూ, ట్యూబులైట్లూ.

మామ ఫోటోలు తీయించుకునే మనిషి కాదు. ఉన్నది బస్సు పాసు మీది ఒక్కటే. దాన్ని కృష్ణగిరిలో ఒక స్టూడియోకు తీసుకుపోయినాను. వాళ్లు చెప్పిన ధరను సగానికి దించి, కోట గెలిచినట్టు బస్సెక్కి వచ్చినాను. వారం తర్వాత పెద్దదై వచ్చిన పటంలో ముక్కూ మీసమూ వాళ్లు సొంతంగా గీసినవి. అత్త దాన్ని వెలుతురుకు పట్టి, "ఎవరప్పా ఈయన? పెండ్లికొడుకు తరపా?" అనింది. సగం ధరకు సగం మామే వచ్చినాడు.

అప్పుడే ఆ సాఫ్ట్‌వేరు చేతికి తగిలింది. ఒక కంప్యూటరు పత్రికతో ఊరికే ఇచ్చిన సీడీలో ఉండె. ఫోటో ఇస్తే దాన్ని అక్షరాలుగా, గుర్తులుగా మార్చేస్తుంది. చీకటినీ వెలుగునూ బట్టి ఒక చోట నిండు గుర్తు, ఒక చోట చుక్క పెడుతుంది. దగ్గర చూస్తే అన్నీ గుర్తులే, దూరం జరిగితే మనిషి. లేని మీసం కల్పించదు, ఉన్న నీడనే పెద్దది చేస్తుంది. పైసా అడగదు. ధరే లేని సరుకుతో బేరం ఎట్లాడేదో తెలియక రెండు రోజులు దాన్ని అనుమానంగా చూసినాను. మూడో రోజు, మామను దీంట్లోనుంచే బయటికి తీస్తానని కూర్చున్నాను. బస్టాండు పక్కన ఫోటో స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చినాను. అంగట్లో బిల్లులు కొట్టే కంప్యూటరూ, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరూ ఎట్లాగూ ఉండె.

మొదటి ప్రింటులో మొగం నల్లగా, జుట్టు తెల్లగా వచ్చింది. ఆ సాఫ్ట్‌వేరు లెక్క నల్ల తెర మీద తెల్ల అక్షరాలది. మా కాగితం తెల్లది. ఆ లెక్కను తిరగేస్తే, రెండోసారి మామకు గుర్రం మొగమొచ్చింది. ప్రతి అక్షరమూ వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ కదా, మొగమంతా సాగింది. అత్త చూసి, "బతికుండగా ఇంత పొడుగుంటే అటక మీది మూటలకు నిచ్చెన కొనే పనే లేకపోయె" అనింది. ఎత్తు తగ్గించి మళ్లీ కొట్టినాను.

మూడోసారి మామే వచ్చినాడు. కానీ అత్త కండ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగింది.

"ఏమప్పా, బుగ్గలనిండా సున్నాలే. అంగడి పెట్టినాయన మొగాన సున్నాలు చుట్టి గల్లా మీద తగిలిస్తావా?"

"అది నీడత్తా."

"నీడకు ఇంకేం దొరకలేదా?"

నవ్వొచ్చింది గానీ, కాదనలేకపోయినాను. సరుకు అయిపోయినా 'లేదు' అనకుండా 'వస్తుంది' అనే ఇంట్లో పుట్టినాను. సున్నాను గోడకెక్కించేది ఎట్లా?

ఏ గుర్తులు వాడాలో మనమే చెప్పే వీలు ఆ సాఫ్ట్‌వేరులో ఉండె. మా అంగట్లో చీర చీటీ మీద మేము కొన్న ధరను, గిరాకీకి తెలియకూడదని, అంకెల్లో రాయము. పది అంకెలకు పది ఇంగ్లీషు అక్షరాలు మామ ఏర్పాటు చేసినాడు. ఏ అక్షరం ఏ అంకెనో ఇంట్లోవాళ్లకే తెలుసు. అవేంటివో ఈడ కూడా రాయను. ఆ పదీ దానికిచ్చినాను. బొద్దు అక్షరాలు జుట్టుకు పోయినాయి, సన్నవి బుగ్గలకు. మూడు నిలువు పేలికలుగా ప్రింటు తీసి, మీటరు కడ్డీ ఆనించి, మైదా జిగురుతో అతికించి, అద్దం కట్టించినాను.

కొత్త అంగడి పూజ రోజు అత్త మెట్ల కిందే నిలబడింది. ఆడినుంచి గల్లా వెనక గోడను చాలాసేపు చూసింది.

"ఈయనే. తల వంచడం కూడా అట్లే" అనింది. అయినా కాలు కదపలేదు. "సున్నాలు తీసేసినావా?"

"తీసేసినాను. మామ అక్షరాలతోనే వేసినాను."

"ఏ అక్షరాలు?"

"చీర చీటీల మీదివి."

చెప్పులు యాడ విడిచిందో చూసుకోలేదు అత్త. గడప దాటి, చీరలు పరిచి చూపించే పరుపు తొక్కుకుంటా వచ్చి పటం కింద నిలబడింది. "ఇంటి గుట్టు తెచ్చి గోడకు తగిలిస్తావా? బుద్ధుందా నీకు? దించు."

"దించనత్తా. పైకి కట్టిస్తాను. ఎంత ఎత్తో నువ్వే చెప్పు."

గిరాకీ కూర్చునే చోట కూర్చుని, కండ్లద్దాలు సర్దుకుని చదవడానికి చూసింది. "ఆ బొద్దుది ఈడికీ కనపడతా ఉంది. జానెడు పైకి."

ఏ అక్షరం ఏ అంకెనో ఆ మొగం ఎవరికీ చెప్పదు. సంవత్సరమంతా చదివినా చెప్పదు. ఆ మాట నేను చెప్పి ఉంటే, కాపలా అక్కరలేదని అత్త తిరిగి రోడ్డెక్కేది. చెప్పలేదు. నోరు తెరవకుండా నేను గెలిచిన బేరం అదొక్కటే.

ఇంతలో జవళగిరి నుంచి ఒకామె వచ్చి అత్త పక్కన కూర్చుని, పట్టుచీర కావాలనింది. "ఇంకో జానెడు" అని నాకు చెప్తానే, అత్త పటం మీదినుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి, చీర మడత విప్పింది.