పెద్దంకెలున్నది

ఆమె పేరు నేను అడగలేదు. టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, మా ఇంటి షెడ్డులో ఇనుము చెక్కే లేత్‌కీ మిల్లింగ్ మిషన్‌కీ ఏ డిజిటల్ రీడౌట్ కొనాలా అని ఫోన్‌లో బొమ్మలు చూస్తున్నాను. పక్కనున్న పెద్దావిడ తొంగిచూసింది.

“ఏటి బాబూ అది? ఈ ఊళ్లోనే గోల్‌మురిలో మా ఇంట్లోనూ లేత్ ఉంది.”

మిషన్ మీద పనిముట్టు ఎంత జరిగిందో అంకెల్లో చూపించే డబ్బా అని, ఇక తిప్పే చక్రం మీద సన్నగీతలు చూసుకోనక్కర్లేదని చెప్పాను. ఆమె నా వైపు జరిగింది.

“మాయాయనకి ఆ గీతలే ఆనడం లేదు. మిషన్ మీద గుడ్డ కప్పేసి కూకున్నాడు. పెద్దంకెలున్నది సూపించు.”

రెండు చూపించాను. ఒకదానిలో ఎర్రంకెలు, ఇంకోదానిలో ఆకుపచ్చవి. ఆమె ఫోన్‌ను చేయి చాపి దూరంగా పట్టుకుంది. కళ్లు దాదాపు మూసేసి, ఆయనకు ఎలా కనిపిస్తుందో అలా చూసింది.

“ఆకుపచ్చే నయం,” అంది. మెల్లగా అడిగింది. “ఆ కాస్త సూపూ పోద్దన్నాడు డాక్టరు. అప్పుడు ఏలెట్టి తడిమితే తెలుత్తాదా?”

“తడిమితే తెలీదమ్మా. పైన నున్నటి అద్దమే ఉంటుంది,” అన్నాను.

“పోన్లే. నాను సదివి సెప్తాను. మద్దెలో ఆ సుక్కేటి?”

చుక్క తర్వాత అంకెలు ఎలా చదవాలో చెప్పాను. రైలు వచ్చేదాకా ఆమె ఒక్కో అంకె పైకి చదువుతూనే ఉంది, పక్కన ఆయన వింటున్నట్టే ఆగి ఆగి. నేను ఫోన్ తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ కూర్చున్నాను.