బాపమ్మ రాత్రి గోలీ

బాపమ్మ, అంటే మా నాయినను కన్న తల్లి, రాత్రి లేచిన ప్రతిసారీ డైరీలో ఒక గీత పెట్టేదాన్ని. మొన్నటి పత్తి ఏరే కాలంలో ఒక్కో రాత్రికి నాలుగు గీతలు, కొన్నిసార్లు ఐదు. బాత్రూం పెరటి చివర ఉంది. మధ్యలో గచ్చు, మంచు పడితే జారుతుంది. చెప్పుల చప్పుడు మళ్లీ గడప దగ్గర వినిపించేదాకా నాకు ఊపిరాడేది కాదు. ఒక రాత్రి ఆ చప్పుడు మధ్యలోనే ఆగిపోయింది. పరుగెత్తి చూస్తే గోడ పట్టుకుని నిలబడి ఉంది. తల తిరిగిందట. నాయినకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

పొద్దున పత్తి ఏరే కూలీల ఆటోలో బాపమ్మ మొగుళ్లపల్లి దాకా కునుకు తీస్తూనే పోతుందని పక్కింటి అక్క నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

బీపీకీ కాళ్ల వాపుకూ దవాఖానలో ఇచ్చిన గోలీ పొద్దున వేసుకోవాలి. వేసుకున్న కాసేపటికే మూత్రం వస్తుంది. చేనులో చుట్టూ మగవాళ్లు, పత్తి చెట్లేమో నడుము దాకే. అందుకని బాపమ్మ దాన్ని రాత్రి అన్నం తిన్నాక వేసుకునేది. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. బాత్రూం సరిగా లేని కాలేజీలో మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టకుండా గడిపినదాన్ని నేను, ఆమెను ఏమనగలను?

నెల మందులకు దవాఖానకు పోయినప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావని డాక్టరమ్మ అడిగింది. వెనక లైన్లో మా ఊరి మగవాళ్లు ఉన్నారు.

"ఒక్కపారే బిడ్డా. నిద్ర మంచిగనే పడ్తంది," అంది బాపమ్మ.

నేను సంచిలోంచి డైరీ తీసి, గీతలున్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. పక్క పేజీలో ఎవరూ చదవకూడనివి ఉన్నాయి. దాన్ని అరచేత్తో మూశాను. గోలీ సంగతి చెప్పాను.

డాక్టరమ్మ తిట్టలేదు. షుగరుకూ మూత్రానికీ పరీక్షలు రాసి, గోలీ పొద్దున్నే వేసుకుని రెండు మూడు గంటలు ఇంట్లో ఉండి పనికి పొమ్మంది.

బస్సు ఎక్కాక బాపమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నేను ఒంటికి పోయేది గూడ రాసిపెట్టినవా? గిదేం సదువే నీది? ఆటో ఏడింటికే పోతది. నా కోసం ఎవరాగుతరు?"



మర్నాడు గోలీ వేసుకుని వాకిట్లో కూర్చుంది. ఆటో హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆమె నా వైపు చూడలేదు.

ఆ రాత్రి ఒక్కసారే లేచింది. ఒక్క గీత పెట్టి, ఆమె నిద్రపోయాక కూడా చెప్పుల చప్పుడు కోసం వింటూ పడుకున్నాను.