అన్న చెవి, రాయి పలుకు

నంద్యాలలో నాది చిన్న డిజైనింగ్ షాపు. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, అంగళ్ల బోర్డులు చేస్తాను. పని లేనప్పుడు ఫోన్లో కొత్తవి వెతుక్కోవడం నాకు అలవాటు. ఎవరో కొత్తగా గీసిన తెలుగు అక్షరాలు, రంగులు సరిచేసి మళ్లీ వదిలిన పాత సినిమా, వంటింటి గిన్నెల మీద వాయించి కట్టిన పాట, ఇట్లాంటివి. దొరికినవన్నీ దాచిపెట్టుకుని, వీలైన ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కి మా అన్నకు చూపించేదాన్ని.

అన్న విగ్రహాలు చెక్కుతాడు. మా నాయన దగ్గర నేర్చుకున్న పని. ఇంటి ముందే రేకుల షెడ్డు. అందులో రాళ్లు, ఉలులు, కటింగ్ మిషన్లు, వాటన్నిటి మీదా దుమ్ము. అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని నా ఫోన్ చేతిలోకి తీసుకునేవాడు. నచ్చితే మళ్లీ మళ్లీ చూసేవాడు. నచ్చకపోతే ఒక్క మాట కూడా అనకుండా తిరిగి ఇచ్చేసేవాడు.

ఈ ఎండాకాలం నేను తీసుకుపోయింది చెవుల్లో పెట్టుకునే కొత్తరకం ఇయర్‌బడ్స్. పాటల కోసమే కొన్నాను. వాటితో వినికిడి పరీక్ష కూడా చేసుకోవచ్చని తర్వాత తెలిసింది. సన్నని కూతలు వస్తుంటాయి. వినపడినప్పుడల్లా ఫోన్ మీద వేలితో తట్టాలి. షాపులో కూర్చుని నేను చేసుకుంటే నా చెవులు బాగానే ఉన్నాయని వచ్చింది. అన్నకు తమాషాగా ఉంటుందనుకున్నాను.

ఆ రోజు పక్క షెడ్లలో కూడా మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. అన్న ఇయర్‌బడ్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలు తెర మీద ఆనించి కూర్చున్నాడు. మొదట్లో నాలుగైదుసార్లు తట్టాడు. ఆ తర్వాత వేలు కదల్లేదు. పరీక్ష ఎంతవరకు వచ్చిందో చూపించే గీత మాత్రం తెర మీద ముందుకు పోతూనే ఉంది.

"అయిపాయనా పాపా? ఇంగేం రావా?" అన్నాడు కళ్లు తెరవకుండానే. నా జుట్టు నెరుస్తున్నా ఆయనకు నేనింకా పాపనే.

తెర వైపు చూశాను. సగం కూడా కాలేదు. కూతలు వస్తూనే ఉన్నాయి. ఆయనకే వినపడటం లేదు.

చివరికి ఫలితం వచ్చింది. రెండు చెవుల గీతలూ కొంతదూరం బాగానే పోయి, సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి బావిలోకి దిగినట్టు కిందికి జారాయి. డాక్టరును కలవమని కింద రాసి ఉంది. ఇయర్‌బడ్స్ సరిగా కూర్చోలేదేమోనని మళ్లీ పెట్టి చూశాను. మళ్లీ అదే.

"నీ ఫోనేమన్నా డాక్టరా?" అని నవ్వాడు అన్న. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అప్పటిదాకా విడివిడిగా ఉన్నవన్నీ నా తలలో ఒక్కచోటికి చేరాయి. వీధిలోకి వినిపించేంత పెద్దగా పెట్టే టీవీ. పిలిస్తే పలకడని వదినా, మనవరాలూ చేసే ఫిర్యాదు. పోయిన నెల హైవే మీద పోతుంటే వెనక లారీ హారన్ కొడుతున్నా ఆయన మోపెడ్ పక్కకు తీయలేదు. డ్రైవరు బ్రేకు తొక్కి, దిగి వచ్చి మరీ తిట్టిపోయాడు. అన్న ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాం అందరం.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి పుట్టింది. ఉలి పెట్టేముందు రాయిని సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి గంటలాగా పలుకుతుంది. లోపల పగులుంటే బీటలిచ్చిన కుండలా మోగుతుంది. పైన కంటికి ఏమీ కనపడదు, చెవే చెప్పాలి.

"అన్నా, రాయి పలికేది వినపడతాందా నీకు?" అన్నాను.

ఆయన ఇంట్లోకి చూశాడు. వదిన పొయ్యి దగ్గర ఉంది. "గట్టిగ అనొద్దు. మీ వదినకు తెల్దు" అన్నాడు. లేచి షెడ్డు మూలనున్న నల్లరాయి దగ్గరికి తీసుకుపోయాడు. బండి ఆత్మకూరు పక్క పల్లెవాళ్లు అడిగిన అమ్మవారి విగ్రహానికి తెచ్చిన రాయి అది. మరునాడే పని మొదలుపెట్టాలి.

"తట్టి చూసినా. పలికినట్టే ఉంది. నిజంగా పలుకుతాందో, పలకాలని నేననుకుంటాండానో తెలడం లే పాపా." రాయి మీద అరచెయ్యి ఆనించాడు. "గుళ్లో నిలబెట్టినంక పగిలితే? ఆ ఊళ్లో యా బిడ్డకు జ్వరమొచ్చినా దానివల్లే అంటారు. నేను తిరిగి ఆ ఊరి మొగం చూడగల్నా?"

ఆయన భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాయన పోయినరోజు కూడా మమ్మల్నందరినీ పట్టుకుని నిలబడింది ఆయనే. సుత్తి నా చేతికిచ్చి, "నువ్వు ఇను" అన్నాడు. తట్టాను. ఖంగుమంది. ఇంకోచోట తట్టాను. అదీ ఖంగుమన్నట్టే ఉంది. రెంటికీ తేడా నాకేమీ తెలియలేదు.

"ఆడ కాదు, కొంచెం కిందికి కొట్టు" అన్నది వదిన. ఎప్పుడొచ్చిందో గడపలో నిలబడి ఉంది. అంతా విన్నదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. కిందికి తట్టాను. "ఈడ మూగపోతాంది. నాకట్లనే అనిపిస్తాంది. నేను చెప్పేది తప్పయితే?"

అన్న బిందెతో నీళ్లు తెచ్చి రాయి మీద పోశాడు. పగులుంటే అందులోకి దిగిన తడి తొందరగా ఆరదు. గుడ్డతో తుడిచి ముగ్గురం కాచుకుని కూర్చున్నాం. రాయంతా ఆరిపోయింది. అడ్డంగా వెంట్రుకంత గీత మాత్రం తడిగా మిగిలింది. రేపు అమ్మవారి గుండె వచ్చే చోటు అది.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్ని దినాలు నాకెందుకు చెప్పల్యా?" అన్నది.

"చెప్తే నిజమైపోతాదని" అన్నాడు అన్న.

ఆ వారమే ఆయన్ని నంద్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బయటి చప్పుడు చొరబడని అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఫోన్ అబద్ధం చెప్పలేదు. "మిషన్ల చప్పుడుకు నరం దెబ్బతిన్నది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోండి" అన్నాడు డాక్టరు. ఆటోలో బస్టాండుకు పోతుంటే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అంతా పోతాదా పాపా? మనవరాలి మాట కూడా?" అని అడిగాడు. పోదులే అన్నాను. అది నాకు తెలిసి చెప్పిన మాట కాదు.

పల్లెవాళ్లకు అన్న తానే పోయి విషయం చెప్పాడు. ఇంకో రాయి తెమ్మన్నారు. ఇప్పుడు మిషన్ దగ్గర చెవులు మూసే కప్పులు పెట్టుకుంటాడు. మిగతా వేళల్లో వినికిడి యంత్రం. దానితో మనుషుల మాట దొరుకుతుంది గానీ, రాతి పలుకు మారిపోయి వినిపిస్తుందంటాడు. దాన్ని నమ్మడు.

కొత్త రాయి దిగిన రోజు నేనూ పోయాను. ఫోన్ సంచిలోంచి తీయనేలేదు. అన్న జానెడు జానెడుకు తడుతూ పోయాడు. వదిన కళ్లు మూసుకుని వింది. ఆయన రాయిని చూడలేదు, ఆమె మొహాన్నే చూస్తూ తట్టాడు. ఒకచోట ఆమె నొసలు ముడిపడింది. అన్న సుత్తి ఆపాడు.

"మళ్లా కొట్టు" అన్నది.

కొట్టాడు.

"పలుకుతాంది" అన్నది. ఒక క్షణం ఆగి, "అయినా నీళ్లు పోయయ్యా, నాకు భయంగా ఉంది" అన్నది.

బిందె నేనే తెచ్చాను.